నాలుగువందల పదిహేడో బిళ్ల

ఆసుపత్రిలో తొమ్మిదో రోజు పొద్దున రవళి తండ్రికి ఇడ్లీ తినిపిస్తోంది. గుండెపోటుతో పడిపోయి బతికి బయటపడ్డ మనిషి ఓదెలు. చెయ్యి ఇంకా వణుకుతోందని స్పూను కూతురే పట్టుకుంది. అంతలో ఆమె ఫోను మోగింది. ఛాయ అనే సైక్లింగ్ యాప్ నుంచి కబురు.

"రవళి గారూ, తొమ్మిది రోజులుగా మీరు సైకిలెక్కలేదు. మీ నీడ మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. ఈ రోజు పది నిమిషాలు తొక్కి దాన్ని పలకరించండి." కింద ఒక నవ్వుమొహం.

చావు కబురు చల్లగా చెప్పేవాళ్లను లోకం ఎరుగును. చావు గడప దాకా ఈడ్చుకెళ్లి, అక్కడ వదిలేసి, పైగా నవ్వుమొహం పెట్టి పలకరింపులు పంపేవాళ్లను రవళి అప్పుడే చూసింది. ఫోను కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ అది మూడో అంతస్తు, కింద మనుషులు తిరుగుతున్నారు.

"ఎవలు బిడ్డా?" అన్నాడు ఓదెలు.

"ఎవలు లేరు బాపూ. తిను."

"మొఖం గట్లెందుకైంది మరి?"

"చట్నీ కారమున్నది."

తినేది తనైతే కారం కూతురికి ఎలా తగిలిందో ఓదెలు అడగలేదు. నోరు తెరిచి ఇంకో ముక్క తీసుకున్నాడు.

ఈ గోలంతా ఒక యాప్ ఎంచుకోవడంతో మొదలైంది. వింటే నవ్వొస్తుంది. చీర ఎంచుకున్నట్టు, వంకాయలు ఏరుకున్నట్టు, ఆ ఇంట్లో ముగ్గురు కూర్చుని మూడు వారాలు ఒక యాప్ ఎంచుకున్నారు.

రవళికి ఇరవై ఏళ్లు. రాష్ట్ర సైకిల్ పందేల్లో మూడో స్థానంలో వచ్చింది. జాతీయ జట్టు ఎంపికకు నాలుగు నెలలుంది. సాధన చేద్దామంటే గోదావరిఖని రోడ్ల మీద సైకిల్ ఎక్కడ తొక్కుతుంది? ముందు బొగ్గు టిప్పరు, వెనక బొగ్గు టిప్పరు, నడుమ దుమ్ము. అది చూసి వరంగల్ సైకిల్ క్లబ్బువాళ్లు తాము వాడి పక్కన పెట్టిన స్మార్ట్ ట్రైనర్ ఒకటి ఇచ్చారు. సైకిల్ వెనక చక్రం ఊడదీసి ఆ ఇనపకాళ్ల మిషన్‌కు బిగిస్తే, ఇంట్లో ఉన్నచోటే తొక్కుకోవచ్చు. యాప్ గుట్ట అంటే మిషన్ తనంతట తానే బిగుసుకుంటుంది, పల్లం అంటే వదులవుతుంది. మిషన్ ఎద్దయితే యాప్ ముల్లుగర్ర పట్టినవాడు. అందుకని మిషన్ ఎంత మంచిదైనా యాప్ సరిగ్గా ఎంచుకోవాలని క్లబ్బువాళ్లు మరీమరీ చెప్పారు.

మొదటి వారం లోకయాత్ర అనే యాప్ పెట్టారు. తెర మీద సముద్రాలు, మంచుకొండలు. రవళి తల్లి సరోజనకు అది తెగ నచ్చింది. చిక్కుడుకాయలు ఒళ్లో పోసుకుని తెర ముందు కూర్చుని, "జర మెల్లగ తొక్కు, గా ఇల్లు సూడనియ్యి" అని కూతురి మీద విసుక్కునేది. చూడ్డానికి బాగానే ఉంది గానీ వారం తొక్కినా కాళ్లలో కొత్త బలమేమీ కనిపించలేదు.

రెండో వారం కొలత. దాంట్లో బొమ్మలు లేవు, అంకెలే. బడిపంతులు లాంటి యాప్. ఈ రోజు విశ్రాంతి అంటే ఇంక మిషన్ కదలనివ్వదు. రవళి దాంతో సర్దుకుపోయేదేమో, ఓదెలు మధ్యలో రాకపోతే. ఆయన బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు దిగి, ఆ మధ్యే రిటైరయ్యాడు. కాళ్లకు పనిలేక ఇల్లంతా తిరుగుతున్నాడు. నేనూ తొక్కుతానన్నాడు. కొలత ఆయన వయసు అడిగింది, చేసిన పని అడిగింది, ఆపైన డాక్టరు కాగితం అడిగింది. ఆ కాగితం పెట్టేదాకా నిమ్మళంగా తొక్కడమే తప్ప గుట్టలు లేవంది.

"ముప్పై నాలుగేండ్లు భూమి కడుపుల పని జేసిన. నాకు డాక్టర్ కాయితం గావాల్నా, ఇంట్ల సైకిల్ తొక్కనీకి?" అని ఓదెలు ఆ రోజంతా రుసరుసలాడాడు. రవళికీ రోషమొచ్చింది. తన తండ్రిని ముసలివాణ్ణి చేస్తుందా ఈ ముష్టి యాప్ అనుకుని ఆ సాయంత్రమే దాన్ని తీసేసింది.

మూడోది ఛాయ. అది ఎవరినీ ఏమీ అడగలేదు. గుండె వేగం కొలిచే పట్టీ ఛాతీకి కట్టుకుని ఇరవై నిమిషాలు తొక్కమంది. తొక్కాక తెర మీద రవళి బొమ్మ పక్కన బూడిదరంగు ఆకారం ఒకటి పుట్టింది. అదే నీడ. రవళి గుండె ఎలా కొట్టుకుంటుందో, ఊపిరి ఎక్కడ అందదో, కాళ్లు ఎప్పుడు బరువెక్కుతాయో అన్నీ నేర్చుకుని, ఆమె పడుకున్నప్పుడు కూడా కంపెనీవాళ్ల యంత్రాల్లో తొక్కుతూనే ఉంటుందట. మూడో రోజు తెర మీద ఆ నీడ ఉన్నట్టుండి ముందుకు తూలి పడిపోయింది. సరోజన చేతిలో చాట జారిపోయింది.

"భయపడకండి, మీ కోసమే పడింది" అని తెర మీద అక్షరాలు వచ్చాయి. "మీ హద్దు ఎక్కడుందో మీ బదులు మీ నీడ వెతుకుతుంది. అది పడ్డచోటికి ఒక్క అడుగు ఇవతల మిమ్మల్ని ఆపుతాం."

"పాడుగాను, మనిషసొంటిదాన్ని పడగొట్టుడేంది?" అని సరోజన గొణిగింది. ఇంట్లో ఇంకెవరూ పట్టించుకోలేదు. రెండు వారాల్లో రవళి ఏడాదిలో రాని బలం తెచ్చుకుంది. సంబరం పట్టలేక యాప్ పేజీలో ఐదు చుక్కలు పెట్టి, దాని కింద నాలుగు ముక్కలు రాసింది. ఆ ముక్కలు తర్వాత ఆమె మొహాన్నే కొట్టాయి.

ఓదెలు కూడా తొక్కడం మొదలుపెట్టాడు. ఆయన పేర వేరే ఖాతా తెరవాలి. మిషన్‌కు మనిషి మారినప్పుడల్లా దాన్ని చల్లారబెట్టి, బరువు చూసి, మళ్లీ జతచేయాలి. పావుగంట పని. ఒకింట్లో టీవీ ఒకటే, గ్యాసు ఒకటే, సినిమాల యాప్‌కు పాస్‌వర్డ్ ఒకటే. దీనికి మాత్రం ఇద్దరికి రెండు ఖాతాలెందుకని రవళే అంది. ఆమె కాలేజీకి వెళ్లాక పట్టీ ఆయన కట్టుకునేవాడు.

ఎక్కేముందు ఓదెలుకు ఒక అలవాటు. జేబులోంచి ఇత్తడి బిళ్ల తీసి హ్యాండిల్‌కు తగిలించేవాడు. దాని మీద 417 అని చెక్కి ఉంటుంది. బాయిలోకి దిగేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు పలకకు తగిలించి దిగాలి, పైకొచ్చాక ఎవరిది వాళ్లు తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక పలక మీద బిళ్ల మిగిలిందంటే ఒక మనిషి ఇంకా లోపలున్నట్టు. రిటైరైన రోజు ఆ పాత బిళ్లను దోస్తులు ఆయన జేబులో వేశారు. సైకిల్ దిగాక బిళ్ల తీసి జేబులో వేసుకుని, షిఫ్టు నుంచి వచ్చినట్టే, "సరోజనా, నీళ్లు వెట్టు, తానం జేస్త" అనేవాడు. సరోజన నవ్వుకుంటూ నీళ్లు పెట్టేది.

ఆరో రోజు ఆ బిళ్ల హ్యాండిల్ మీదే ఉండిపోయింది.

ఆ పొద్దున యాప్ ఎనిమిది నిమిషాల గుట్ట పెట్టింది. సెలవు కావడంతో రవళి ఇంట్లోనే బట్టలారేస్తోంది. మిషన్ మూలుగు పెరగడం విని లోపలికి తొంగిచూసింది. తండ్రి మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"బాపూ, దిగు ఇగ. సాలు."

"నడుమల దిగుడు నాకు అలవాటు లేదు" అన్నాడు ఓదెలు, తెర వైపు గడ్డం చూపిస్తూ.

తెర మీద ఇలా ఉంది: "ఇంకా రెండే నిమిషాలు. మీ నీడ ఈ గుట్ట దాటింది. మీరూ దాటగలరు." రవళి అది చదివింది. చదివి, సరేలే అనుకుని మళ్లీ బట్టల దగ్గరకు వెళ్లింది. ఆ సరేలే అనుకోవడం ఆమెను ఈనాటికీ నిద్రపోనివ్వదు. నిమిషంలోపే లోపల సైకిల్ సహా మనిషి పక్కకు ఒరిగిన చప్పుడైంది.

ఆసుపత్రి నుంచే రవళి కంపెనీకి రాసింది. మా నాన్నకు ఇలా అయింది, మీ యాప్ ఆయన చేత ఇంత గుట్ట ఎందుకు ఎక్కించింది అని. నాలుగో రోజు జవాబొచ్చింది. ఒక ఖాతాను ఒక్కరే వాడాలన్న నిబంధనను మీరు ఉల్లంఘించారు, కాబట్టి జరిగినదానికి బాధ్యత మీదే, ఓదెలు గారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, రవళికి ఆ చివరి వాక్యం మీదే ఎక్కువ మండింది.

ఓదెలు మాత్రం ఆ జవాబు రెండుసార్లు చదివించుకుని తలూపాడు. "తప్పు నాదే బిడ్డా. ఒకని బిళ్ల మీద ఇంకొకడు దిగొద్దు. పై కప్పు కూలితే లోపలున్నది ఎవడో పైనోళ్లకు ఎట్ల తెలుస్తది? కొత్తగ చేరినోళ్లకు ఈ ముచ్చట నేనే చెప్పేటోణ్ణి. ఇంట్ల నీ బిళ్ల మీద నేనే దిగిన."

"నువ్వు తప్పు తప్పు అనకు బాపూ. నాకు కోపమొస్తాంది."

"తప్పైతే అనొద్దా మరి?"

"నీది తప్పైతే, మరి వాళ్లది ఏంది? లోపలున్నది ఎవరో వాళ్లు ఒక్కనాడన్న సూసిండ్రా?"

ఓదెలును ఇంటికి చేర్చిన మర్నాడే రవళి హైదరాబాద్ బస్సెక్కింది.

ఛాయ కంపెనీ అద్దాల మేడలో ఉంది. కింద హాల్లో వచ్చినవాళ్లు తొక్కి చూడ్డానికి నాలుగు సైకిళ్లు పెట్టారు. రిసెప్షన్‌లో ఉన్నమ్మాయి రవళిని మర్యాదగా కూర్చోబెట్టింది, మర్యాదగా సాయంత్రం దాకా పట్టించుకోలేదు. రెండో రోజూ అంతే. రవళి కదల్లేదు. వచ్చిన ప్రతి సందర్శకుడికీ, "మా నాయిన ఈ యాప్ తొక్కే పడిపోయిండు, మీ గుండె సూపించుకున్నరా?" అని ఎదురెళ్లి అడగసాగింది. మూడో రోజు మధ్యాహ్నం ముప్పై ఏళ్ల మనిషి ఒకడు మెట్లు దిగి వచ్చాడు. పేరు సుధన్వ. నీడల్ని తయారుచేసే విభాగంలో ఇంజినీరు.

"నేను మీ ఫిర్యాదు చదివానండి. పైకి రండి" అన్నాడు.

పైన గది చలికి గజగజలాడేలా ఉంది. యంత్రాలకు ఆ చలి కావాలట. గోడంత తెర మీద సుధన్వ ఏదో నొక్కాడు. బూడిదరంగు ఆకారం ఒకటి సైకిల్ తొక్కుతూ కనిపించింది. ఎడమకాలు పూర్తిగా కిందికి తొక్కక, సగంలో చిన్నగా తోసి వదిలేస్తోంది. రవళి తెర దగ్గరికి జరిగి చూసింది. ఎప్పుడో బాయిలో రాయి పడి ఓదెలు ఎడమ మడమ విరిగింది. అప్పటినుంచి ఆయన తొక్కుడు అదే. ఆయన్ని చూసి నేర్చుకున్న రవళి తొక్కుడూ అదే.

"అందుకే మా యంత్రం మీ ఇద్దర్నీ ఒక్కరనుకుంది" అన్నాడు సుధన్వ. "తొక్కే తీరు మనిషి వేలిముద్ర లాంటిది. రెండు ఒళ్లలో ఒకే తీరు ఉంటుందని మేమనుకోలేదు. మీ కాళ్లూ ఆయన గుండే కలిసి ఒక నీడ అయింది. మీ కాళ్లకు తగ్గ గుట్ట ఆయన గుండెకు పెట్టింది."

తెర మీద నీడ తూలింది, పడిపోయింది. మరుక్షణం మళ్లీ మొదటినుంచి తొక్కసాగింది. మూల ఒక అంకె మారింది.

"ఆ అంకె ఏంది?"

"పడిపోయిన సార్లు."

"పదకొండు వేలున్నది. మొదట్నుంచి కలిపి అంతనా?"

"ఈ పొద్దుటినుంచి" అని సుధన్వ చూపు పక్కకు తిప్పుకున్నాడు.

అతనే చెప్పుకుపోయాడు, ఎన్నాళ్లుగానో కడుపులో పెట్టుకున్నవాడిలా. ఏ గుట్టనైనా మనిషికిచ్చే ముందు నీడ చేత వెయ్యిసార్లు తొక్కిస్తారు. రవళి ఒక్కతే తొక్కిన రోజుల్లో వెయ్యికి రెండుసార్లు పడేది. ఓదెలు ఎక్కిన మర్నాడు తొమ్మిది. ఆ తర్వాత పదిహేడు, ఇరవై ఆరు, ముప్పై నాలుగు. పడిపోయిన రోజు పొద్దున నలభై ఒకటి.

"అంటే మీకు తెలుసు."

"యంత్రానికి తెలుసు. యాభై దాటితేనే అది మాకు చెప్తుంది. ఆ లోపు ఉంటే మామూలే అని లెక్క."

"యాభై అని ఎవరు పెట్టిండ్రు? దేవుడు పెట్టిండా?"

"మొదట్లో పదే ఉండేదండి. పది దాటితే మిషన్ ఆగిపోయి, డాక్టరుకు చూపించుకోమని చెప్పేది. కానీ అలా చెప్పిన ప్రతిసారీ జనం యాప్ మార్చేసేవాళ్లు. ఏమీ అడగని యాప్‌కు పోయేవాళ్లు. అందుకని ఇరవై చేశారు, తర్వాత యాభై." సుధన్వ తెర మీద ఇంకో పేజీ తెరిచాడు. "మీరు మా యాప్ ఎందుకు ఎంచుకున్నారో మీరే రాశారు."

ఐదు చుక్కలు. వాటి కింద రవళి రాసిన నాలుగు ముక్కలు: "చాలా మంచి యాప్. డాక్టరు కాగితాలు అడగదు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. రవళి మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క నిమిషం తలొంచుకుంది. మళ్లీ తలెత్తినప్పుడు బస్సులో బట్టీపట్టుకొచ్చిన పుస్తకాల తెలుగు మాటలేవీ ఆమెకు గుర్తుకు రాలేదు.

"అవును, నేనే రాసిన. నాకు ఇరవై ఏండ్లు. నాకు తెల్వదు. మా బాపుకు రోషం, ఆయినకూ తెల్వదు. తెల్వనోళ్లం తప్పు చేస్తం. నీకు తెల్సు గదా అన్నా. తొమ్మిది పదిహేడైన నాడు తెల్సు, ఇరవై ఆరైన నాడు తెల్సు. తెల్సినోడు నోరు మూసుకుంటే దాన్ని ఏమంటరో మా ఖనికొచ్చి అడుగు. పై కప్పు ఇరుగుతున్న సప్పుడు ఇని, కింద మనుషులుండంగ చెప్పకుంట పైకొచ్చినోణ్ణి మా కాలనీల మనిషి అనరు."

రవళి తెర వైపు వేలు చూపించింది. "పోనీ, అయిందేదో అయింది. ఇంక దాన్నెందుకు తొక్కిస్తున్నరు? మా ఇంట్ల ఎవరూ తొక్కుతలేరు గదా. ఆపు."

"నా చేతుల్లో లేదండి. గుండెపోటు వచ్చే నిమిషం దాకా పూర్తిగా నమోదైన ఒళ్లు మా దగ్గర ఇదొక్కటే. వయసు మళ్లినవాళ్ల కోసం తయారుచేసే కొత్త గుట్టలన్నీ దీని మీదే చూస్తున్నారు. మీరు ఖాతా మూసేసినా నీడ కంపెనీదే. చేరేటప్పుడు మీరు ఒప్పుకున్నారు."

"మా బాపును రోజుకు పదకొండు వేలసార్లు సంపుకుంటరు. సంపుకుని, దాన్తోని ఇంకా నలుగురికి అమ్ముకుంటరు. అంతేనా?"

"అది మీ నాన్న కాదండి. లెక్క."

"లెక్కైతే ఎడమకాలు గట్లెందుకు తొక్కుతాంది?"

సుధన్వ తెర ఆపేసి తలుపు దాకా వచ్చాడు. గడప దగ్గర, ఆమె మొహం చూడకుండా, నెమ్మదిగా అన్నాడు. "నకళ్లు ఉంచం. ఒక్కో నీడకు ఒక గదినిండా యంత్రాలు కావాలి కాబట్టి ఉంచలేం. పైగా నీడలో ఒకే మనిషి ఉండాలి. మీ ఇద్దరిదీ ఒకే తీరు కాబట్టి నిలబడింది. బొత్తిగా పొంతనలేని ఒళ్లు పదీ పన్నెండు అదే ఖాతాలో వచ్చి పడితే, అది మనిషే కాదనుకుని యంత్రమే దాన్ని తుడిచేస్తుంది. మధ్యలో ఆపడానికి మాకు కూడా వీలుండదు." ఆ తర్వాత లిఫ్టు ఎటో చూపించి వెళ్లిపోయాడు.

అతను కావాలని చెప్పాడో, నోరు జారాడో రవళికి తెలియదు. మంచివాడని మెచ్చుకునే ఓపికా ఆమెకు లేదు. అంత తెలిసినవాడు అంతకు ముందే చెప్పి ఉండాల్సింది.

ఇంటికొచ్చి జరిగిందంతా తల్లిదండ్రులకు చెప్పింది. దాచిపెడదామనుకుంది గానీ, చెప్పకపోవడం ఎంత పాడుపనో కళ్లారా చూసొచ్చింది కదా. సరోజన కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఓదెలు మంచం మీద కూర్చుని చాలాసేపు సైకిల్ వైపు చూశాడు. బిళ్ల ఇంకా హ్యాండిల్‌కే వేలాడుతోంది. సరోజన అంతకుముందే ఒకసారి తీయబోతే, ఏమో తోచి, ఉండనివ్వమన్నాడు.

"బాయిల ఒక మనిషి సచ్చిపోతే" అన్నాడు చివరికి, "ఆ షిఫ్టు పని ఆగుతది. అందరూ పైకొస్తరు. ఎంత బొగ్గు ఆగినా సరే, ఎంత పెద్ద సారు మొత్తుకున్నా సరే, ఎవడూ చెయ్యి కదపడు. మేం కొట్లాడి తెచ్చుకున్న పద్ధతి గది. వీళ్లు మనిషి పడ్డంక గూడ ఆపలేదా?"

"ఆపలే బాపూ."

"అంటే నేనింకా లోపల్నే ఉన్న."

ఆయన ఇంతెత్తున కేకలేసినా రవళి తట్టుకునేది. అంత మామూలుగా అనడం తట్టుకోలేకపోయింది. చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఎదురింటి రాజేశం తలుపు తట్టింది. ఓదెలుతో పాతికేళ్లు ఒకే షిఫ్టు దిగిన మనిషి రాజేశం. సంగతి విని లుంగీ ఎగ్గట్టుకుని లేచాడు.

"పా బిడ్డా. నేనే మొదలు తొక్కుత."

"కాకా, నీకు బీపీ గోలీలున్నయి గదా?"

"ఉంటే? మొన్నమొన్నటి దాకా బాయిల దిగిన నన్ను..."

"వద్దంటున్న కాకా. నువ్వు తొక్కొద్దు. గేటు కాడ నిలవడి అందర్ని పిలువు."

రాజేశం మొహం ముడుచుకున్నాడు. అచ్చం ఓదెలు ముడుచుకున్నట్టే ముడుచుకున్నాడు. కానీ రవళి మాట మార్చలేదు. వద్దని చెప్పడం ఎంత కష్టమో, చెప్పాక ఎంత తేలికో ఆమెకు ఆ క్షణాన తెలిసొచ్చింది. రాజేశం తిట్టుకుంటూనే వెళ్లి గేటు దగ్గర నిలబడి, బాయి సైరన్ కూత పెట్టినంత గొంతుతో కాలనీని పిలిచాడు.

ఆ ఆదివారం పదింటికి ఓదెలు క్వార్టర్ ముందు చెప్పులు గుట్టపడ్డాయి. మిషన్ ముందుగదిలో ఉంది. గుమ్మం దగ్గర రవళి ప్రతి ఒక్కరినీ నిలబెట్టి అడిగింది. గుండె మంచిగున్నదా, గోలీలేమన్న ఏసుకుంటున్నవా, మెట్లెక్కితే ఆయాసమొస్తదా. సరిగ్గా జవాబు చెప్పనివాళ్లను వెనక్కి పంపింది. మిగిలినవాళ్లకు మూడంటే మూడు నిమిషాలు, అన్నిటికన్నా వదులు గేరు, మిషన్ బిగిస్తే కాలు తీసేయాలని కట్టడి. ఛాతీ పట్టీ ఒకరి తర్వాత ఒకరికి మారింది. పట్టీ మారింది గానీ ఖాతా మారలేదు.

మొదట బ్యాంకు గుమాస్తా తొక్కాడు. తర్వాత పెరుగమ్మే ఐలమ్మ, నడుముకు కొంగు బిగించి, కిసుక్కుమని నవ్వుతూ. తర్వాత కబడ్డీ ఆడే అన్నదమ్ములిద్దరు. తర్వాత జన్మలో సైకిలెక్కని లెక్కల టీచరు, పెడల్ ఎటు తిప్పాలో తెలియక వెనక్కి తిప్పింది. తెర మీద అక్షరాలు వస్తూ పోతూ ఉన్నాయి. "రవళి గారూ, ఈ రోజు మీ లయ కొంచెం మారింది." ఇంకొంచెం సేపటికి, "రవళి గారూ, పట్టీ సరిచూసుకోండి." తొమ్మిదో మనిషి దిగేసరికి తెర ఎర్రబడింది. "రవళి గారూ, మీరు బాగానే ఉన్నారా? దయచేసి డాక్టరుకు చూపించుకోండి."

"ఇప్పుడడుగుతాంది" అంది రవళి. పళ్లు బిగబట్టడంతో ఆ మాట సగమే బయటికొచ్చింది. ఆ ఒక్క ప్రశ్న ఇరవై రోజుల కింద అడిగి ఉంటే చాలు కదా. అప్పుడు అడగడానికి దానికి నోరు లేదు. ఇప్పుడు దాని ప్రాణం మీదికొచ్చేసరికి నోరొచ్చింది.

పదకొండు మంది అయ్యారు. నీడ తెర మీద వంకర్లు పోతోంది గానీ ఇంకా తొక్కుతూనే ఉంది. ఎడమకాలు ఇంకా సగంలో తోస్తూనే ఉంది. గుమ్మంలో ఇంకెవరూ మిగల్లేదు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సరోజన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పొద్దుటినుంచి ఆమె ఆ గదిలోకి రాలేదు. మిషన్ మొహం చూడనని ఒట్టేసుకుంది. "పట్టీ ఇటియ్యి" అంది. చీర కుచ్చిళ్లు దోపుకుని, కూతురి భుజం పట్టుకుని సీటెక్కింది. ఆమెకు సైకిల్ రాదు. పెళ్లయిన కొత్తలో ఓదెలు నేర్పిస్తానంటే సిగ్గుపడి ఒప్పుకోలేదు. ఇప్పుడు కోపంతో తొక్కింది. ఒక తోపు, ఒక ఆగు, రెండు తోపులు. మనిషి పుట్టాక ఎవరూ తొక్కనట్టు తొక్కింది. హ్యాండిల్‌కున్న బిళ్ల టంగు టంగుమని కొట్టుకుంది.

"మనిషసొంటిదాన్ని పడగొడతరా" అంటూ తొక్కింది. "పడగొట్టి నవ్వుతరా."

తెర మీద నీడ ఆగిపోయింది. పడిపోలేదు. పెడల్ మీంచి ఎడమకాలు తీసి కింద ఆనించినట్టు కనిపించింది, ఆపైన అక్కడ ఏమీ లేదు. ఉత్త రోడ్డు, దాని మీద అక్షరాలు: "ఈ నీడ ఒక మనిషిది కాదని తేలింది. తొలగించాం. ఈ ఖాతా రద్దయింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కంపెనీకి ఏమీ కాలేదని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ అద్దాల మేడ అలాగే ఉంది, యాభై అలాగే ఉంది, ఈ పూట ఎక్కడో ఇంకొకడు ఏమీ అడగని యాప్ అని సంబరపడి అదే ఎంచుకుంటూ ఉంటాడు. రవళి తన ఐదు చుక్కలు తీసేసి, ఒక్క చుక్క పెట్టి, "దీనికి తెలుసు, చెప్పదు" అని మొన్ననే రాసింది. సాయంత్రానికల్లా దాన్ని తొలగించారు. మళ్లీ రాసింది. మళ్లీ తొలగించారు. రేపు మళ్లీ రాస్తుంది. జాతీయ ఎంపిక సంగతి, ఇక టిప్పర్ల నడుమే తొక్కి తేల్చుకోవాలి.

లోపలి మంచం మీంచి ఓదెలు లేచాడు. గోడ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ ముందుగదిలోకి వచ్చాడు. రవళి పట్టుకోబోతే వద్దన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది బాపూ."

ఆయన చెయ్యి చాపాడు. "నా బిళ్ల ఇటియ్యి."

రవళి హ్యాండిల్ మీంచి బిళ్ల తీసి ఆ అరచేతిలో పెట్టింది. ఓదెలు దాన్ని అటూ ఇటూ తిప్పి, 417 మీద బొటనవేలితో ఒకసారి రుద్ది, చొక్కా జేబులో వేసుకున్నాడు. రాజేశం గేటు దగ్గర్నుంచి లోపలికొచ్చి, తలపాగా తీసి నిలబడ్డాడు.

"సరోజనా" అన్నాడు ఓదెలు, "నీళ్లు వెట్టు. తానం జేస్త."

సరోజన ఇంకా సైకిల్ మీదే ఉంది, ఆయాసపడుతోంది. కళ్లు తుడుచుకుని, కూతురి భుజం ఆసరాతో దిగి, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్లింది.